సబ్బుకు పరిమళం: కడప సీమలో ఒక పరిశీలన

అంగడిలో సబ్బుబిళ్ళను చేతికి తీసుకొన్నవారు మొట్టమొదట చేసే పని దానిని ముక్కు దగ్గర పెట్టుకొని చూడడం. ధర ఆ తరువాత అడుగుతారు. నురుగు సంగతి ఇంటికి పోయిన పిమ్మట గాని తెలియదు. ఒంటికి మేలు చేస్తుందో కీడు చేస్తుందో తేలడానికి వారాలు పడుతుంది. బేరం మాత్రం ఆ మొదటి క్షణంలోనే సగం తేలిపోతుంది. కనుకనే చేతిసబ్బులు చేసి నాలుగు డబ్బులు సంపాదించదలచిన మహిళా సంఘాలకు నూనె కన్నా, క్షారం కన్నా, పరిమళమే పెద్ద చిక్కు. సబ్బులో అది నూటికి రెండు మూడు పాళ్ళకు మించదు; ఖర్చులో మాత్రం ఒక్కొక్కప్పుడు సగానికి వచ్చి కూర్చుంటుంది. తప్పు వాసనను ఎన్నుకొన్న సంఘం ఒక్క విడత సరుకుతోనే అప్పులో పడగలదు.

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలను దృష్టిలో పెట్టుకొని చూస్తే ఈ చిక్కు ఎక్కడ ఉన్నదో బాగా తెలుస్తుంది. ప్రొద్దుటూరు వర్తకుల ఊరు. బంగారు అంగళ్ళ మూలంగా పసిడిపురి అని పేరు తెచ్చుకొన్నది. దసరా దినాలలో అమ్మవారిశాల పరిసరాలలో ఇసుక వేస్తే రాలనంత జనం కూడుతారు. జమ్మలమడుగు పెన్నానది చెంత, గండికోటకు పోయే దారిలో, సున్నపురాతి నేలల నడుమ ఉన్న ఊరు. పులివెందుల చుట్టుపట్ల చీనీతోటలు, అరటితోటలు. చేతిసబ్బు చేసేవారికి మొదటిది సరుకు అమ్ముకొనే సంత, రెండవది నీటి గుణాన్ని పరీక్ష పెట్టే చోటు, మూడవది సువాసన చెట్టుకు కాసే చోటు. అయితే చెట్టుకు కాసిన సువాసన సబ్బులోకి రావడం అంత సులువు కాదు.

సబ్బు రాకమునుపు మన ఇండ్లలో ఒంటికి సున్నిపిండి, తలకు సీకాయ, కుంకుళ్ళు వాడేవారు. బట్టలు ఉతకడానికి చవుడుమన్ను ఉండేది. ఆ మన్నులో క్షారం ఉన్నది గనుకనే అది మురికిని విడిపించేది. సున్నిపిండిలో పెసలతో పాటు బావంచాలు, కచ్చూరాలు, తుంగముస్తెలు, వట్టివేళ్ళు, ఎండిన గులాబిరేకులు కలిపేవారు. పండుగనాటి తలంటి అనగానే పెద్దవారికి మనసులో మెదిలే వాసన ఈ మిశ్రమానిదే. పెండ్లిలో పన్నీరు, గంధం. ఆడపిల్లల జడలలో మల్లెలు, మరువం, దవనం. కడప పెద్దదర్గా ఉరుసులో గంధం. మనవారి ముక్కుకు చదువు చెప్పిన బడులు ఇవి. కొత్తగా సబ్బు చేసేవారు ఈ చదువును కాదని, ఎక్కడో శీతలదేశాలలో పూచే లావెండరు పువ్వు వాసనను తెచ్చిపెడితే, దానిని మెచ్చుకొనేవారు ఉండవచ్చును గాని మళ్ళీ వచ్చి కొనేవారు ఎందరు?

జనులకు ప్రీతి కలిగించే వాసన ఎప్పుడూ సుందరమైనదే అయి ఉండవలెనన్న నియమం కూడా లేదు. 1895లో మనదేశపు అంగళ్ళకు వచ్చిన లైఫ్‌బాయ్ సబ్బు వాసన కార్బాలికామ్లానిది. అంటే ఆసుపత్రి వాసనకు చుట్టం. అయినా తరతరాలవారికి అదే శుభ్రతకు గుర్తయి కూర్చున్నది. 2002లో కంపెనీవారు దాని వాసనను మార్చేవరకు ఆ ఎర్రబిళ్ళను కండ్లు మూసుకొని కూడా ఆనవాలు పట్టగలవారు ఊరూరా ఉండేవారు. అలవాటుకు ఉన్న బలం అటువంటిది.

గంధం కథ వేరు. మొదటి ప్రపంచయుద్ధం మూలంగా గంధపుచెక్క ఐరోపాకు పోవడం నిలిచిపోగా, మైసూరు సంస్థానంవారు 1916లో తామే గంధపునూనె తీయడానికి పూనుకొన్నారు. మైసూరు శాండల్ సబ్బు ఆ ప్రయత్నం నుండే పుట్టినది. తరువాత 1980వ దశకం మధ్యలో గంధాన్ని, పసుపును జోడించి వచ్చిన సంతూర్ సబ్బు తెలుగునాట ఇంటింటా చేరినది. గంధం, పసుపు అనే రెండు మాటలు మన స్త్రీలకు ఎవరూ వివరించి చెప్పవలసినవి కావు గదా! కాబట్టి చేతిసబ్బు తలపెట్టినవారికి మొదట తట్టేది గంధమే కావడంలో వింత లేదు.

ఇక్కడనే ఒక పొరపాటు పొంచి ఉన్నది. కడప జిల్లా చందనానికి పెట్టినది పేరు. శేషాచలం, పాలకొండల అడవులలో పెరిగే ఎర్రచందనం ప్రపంచంలో మరెక్కడా సహజంగా అంతగా పెరగదు. 'మన అడవిలోనే చందనం ఉండగా సువాసనకు కరవా?' అని పిల్లలు అడగవచ్చును. ఉపాధ్యాయులు వారికి చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. ఎర్రచందనానికి చెప్పుకోదగిన పరిమళం లేదు. అది వేగిస చెట్టుకు దాయాది. దాని విలువ రంగులో, చేవలో, అందమైన చెక్కలో ఉన్నది. పరిమళం గల శ్రీగంధం వేరే కుటుంబానికి చెందిన చెట్టు. పేరులో చందనం ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు. పైగా ఎర్రచందనం చట్టం కాపలాలో ఉన్న వృక్షం. అనుమతి లేనిదే దాని పుల్లను కూడా ముట్టరాదు.

ఇక శ్రీగంధపు నూనె. చెట్టు చేవ పట్టడానికి దశాబ్దాలు పడుతుంది. నూనె ఆ చేవలోను, వేరులోను మాత్రమే ఉంటుంది. అందువలన దాని ధర చేతిసబ్బు చేసేవారికి అందేది కాదు. అంగడిలో చౌకగా 'గంధపునూనె' అని దొరికేది ప్రయోగశాలలో కూర్చిన మిశ్రమం. దానిని వాడడం తప్పు కాదు. వాడి, బిళ్ళమీద 'స్వచ్ఛమైన గంధపునూనెతో చేసినది' అని వ్రాయడం తప్పు. 'గంధపు పరిమళం' అని వ్రాస్తే చాలును. కొనేవారు ఏమీ అనుకొనరు.

మల్లె విషయంలో కూడా ఇదే న్యాయం. వేయి కిలోల మల్లెపూల నుండి చివరకు తేలే శుద్ధ పరిమళసారం ఒకటి రెండు కిలోలకు మించదు. మల్లె సుకుమారమైనది, ఆవిరి పట్టి నూనె తీయబోతే దాని సహజమైన వాసన చెడిపోతుంది. పూర్వులు ఈ సంగతి తెలిసే నువ్వులమీద పూలు పొరలు పొరలుగా పరచి, నువ్వులకు వాసన పట్టించి, తరువాత గానుగ ఆడించేవారు. మల్లెను పోలిన చౌక పరిమళాలకు ప్రాణం బెంజైల్ అసిటేటు అనే పదార్థం. నిజమైన మల్లెలో కూడా ఇది ముఖ్యాంశమే. అయితే ఇందులో ఒక సూక్ష్మం ఉన్నది. రసాయనశాస్త్రం బోధించేవారికి తరగతిలో చెప్పదగిన ఉదాహరణ.

నూనె అంటే ఎస్టరు జాతి పదార్థం. దానిని సోడియం హైడ్రాక్సైడుతో కలిపితే విడిపోయి సబ్బు, గ్లిజరిను అవుతాయని పదవ తరగతి వారు చదువుకొంటారు. బెంజైల్ అసిటేటు కూడా ఎస్టరే. నూనెను విరిచి సబ్బు చేసే క్షారం, అందులో పోసిన పరిమళాన్ని మాత్రం విడిచిపెడుతుందా? కొంత భాగాన్ని విరిచివేస్తుంది. పండ్ల వాసనలు, పూల వాసనలు పచ్చి సబ్బులో పోసిన నాడు ఘుమఘుమలాడి, నెలనాటికి నీరసించిపోవడానికి ఇది ఒక కారణం. అందుచేత వేడిచేసే పద్ధతిలో, సబ్బు పూర్తిగా ఉడికి క్షారం ఖర్చయిన తరువాత పరిమళం కలిపితే తక్కువ మోతాదుతో ఎక్కువ ఫలితం ఉంటుంది. ఉడికించకుండా పోసే పద్ధతిలో అయితే మిశ్రమం చల్లబడి, చిక్కబడే వేళకు గాని కలపరాదు.

ఇప్పుడు పులివెందుల చీనీ సంగతి. చీనీ తొక్కను దీపం దగ్గర పెట్టి నొక్కితే చిటచిట మెరుపులు రావడం పిల్లలు ఆడుకొనే ఆట. ఆ మెరుపులకు కారణం తొక్కలోని నూనె. అందులో నూటికి తొంభైకి పైగా లిమొనీను అనే తేలిక పదార్థమే. సబ్బుకు చీనీ వాసన పట్టించవలెనన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. తొక్క ఎట్లాగూ పారవేసేదే! కాని లిమొనీను గాలికి ఎగిరిపోయే స్వభావం గలది. పోసిన దినం తోటలో నిలబడినట్లే ఉంటుంది. ఆరు వారాలు ఆరబెట్టేసరికి ఆ తోట జాడ ఉండదు. మండుటెండల కడప సీమలో అది ఇంకా త్వరపడుతుంది. ఎండిన తొక్కను పొడిచేసి కలిపితే బిళ్ళకు లేత నారింజ వన్నె, కొంచెం గరుకుదనం వస్తాయి, వాసన నిలవదు. ఇంటి ముంగిట పండేదే సబ్బులో నిలవకపోవడం వినడానికి బాధగానే ఉంటుంది గాని, ముందుగా తెలిసి ఉంటే డబ్బు దండుగ కాదు.

ఈ లోటు తీర్చేది ఒక గడ్డి. నిమ్మగడ్డి నూనెలో సిట్రాలు అనే పదార్థం నూటికి డెబ్బై మొదలు ఎనభై అయిదు వంతుల వరకు ఉంటుంది. దాని వాసన నిమ్మను, చీనీని తలపించేదే; సబ్బులో లిమొనీను కన్నా చాల కాలం నిలుస్తుంది. ధర కూడా పూలనూనెలతో పోలిస్తే లెక్కలోకి రాదు. కొంచెం చీనీనూనెకు ఎక్కువపాలు నిమ్మగడ్డినూనె జోడిస్తే, చీనీ ఎగిరిపోయిన తరువాత కూడా ముక్కుకు ఆ భ్రాంతి మిగిలి ఉంటుంది. గులాబి కావలెనన్నవారికి అటువంటి ఆసరాయే రూసాగడ్డి. ఒక్క కిలో గులాబినూనెకు మూడు నాలుగు వేల కిలోల పూలు కావలెను. రూసాగడ్డి నూనెలో గులాబికి తియ్యదనం ఇచ్చే జెరానియాలే ముప్పాతిక వంతు. అది ఎస్టరు కాదు, ఆల్కహాలు జాతిది. క్షారానికి అంతగా లొంగదు. ఈ రెండు గడ్డులూ తక్కువ నీటితో, అంత సారం లేని నేలలలో కూడా పెరుగుతాయి. 1959లో ఏర్పడిన, లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ వృక్ష పరిశోధన సంస్థకు హైదరాబాదులో శాఖ ఉన్నది. సుగంధపు గడ్డుల సాగును, నూనె తీసే పద్ధతులను రైతులకు నేర్పే పని ఆ సంస్థ చేస్తున్నది. వానకు ముఖం వాచిన సీమలో ఈ మాట రైతుబిడ్డలైన విద్యార్థుల చెవిన వేయడం మంచిది.

అడుగు వాసన అనేది మరొకటి ఉన్నది. సబ్బు ఏ నూనెతో చేసినారో ఆ నూనె వాసన పరిమళం కింద ఎప్పుడూ దాగి ఉంటుంది. సీమలో చేతికి అందేది వేరుశెనగ నూనె. కాని దానితో మాత్రమే చేసిన సబ్బు మెత్తబడుతుంది, నురుగు తక్కువ, నిలువ ఉంచితే కనరు వాసన వేస్తుంది. కొబ్బరినూనె కొంత కలపక తప్పదు. వేపనూనె, కానుగనూనె చౌక. వంటకు పనికిరాని నూనెలను సబ్బుకు వినియోగించవలెనని ఖాదీ, గ్రామపరిశ్రమల సంఘం 1957లో ఏర్పడినది మొదలు చెప్పుతూనే ఉన్నది. అయితే వేపనూనె ఘాటును మల్లె గాని గులాబి గాని కప్పలేదు; రెండూ కలిసి మూడవ దుర్వాసన పుట్టిస్తాయి. దానికి నిమ్మగడ్డి, కామంచిగడ్డి వంటి పదునైన వాసనలే సరి జోడు. తక్కువ డబ్బుతో పని సాగించేవారు వాసనను ముందు ఎన్నుకొని నూనెను తరువాత ఎన్నుకోవడం కన్నా, నూనెను బట్టి వాసనను ఎన్నుకోవడం తెలివి.

జమ్మలమడుగు ప్రాంతంలో సున్నపురాయి విస్తారం. అటువంటి నేలలో ఊరిన బావినీటిలో సున్నపు లవణాలు ఎక్కువ. ఆ నీళ్ళలో సబ్బు తెట్టు కడుతుంది గాని నురుగు రాదు. నురుగు రాని సబ్బులో పరిమళం కూడా విచ్చుకోదు. వాసన ఒంటిమీద పరచుకొనేది నురుగుతోనే గదా. కాబట్టి మంచినీటి ఊరిలో మెప్పు పొందిన బిళ్ళ ఇక్కడ వెలవెలపోవచ్చును. పరిమళం పాలు పెంచి లాభం లేదు. కొబ్బరినూనె పాలు పెంచి, కొంచెం ఆముదం చేర్చితే నురుగు నిలుస్తుంది, ఉన్న పరిమళమే చాలునన్నట్లు ఉంటుంది.

లెక్క ఒకటి వేసి చూపితే విషయం ఇంకా తేటపడుతుంది. కిలో నూనెతో సబ్బు పోస్తే, నీరు, క్షారం కలుపుకొని సుమారు కిలోన్నర ముద్ద అవుతుంది. అంటే నూరేసి గ్రాముల బిళ్ళలు పదిహేను. నూనె తూకంలో నూటికి మూడు పాళ్ళు పరిమళం అనుకొంటే 30 గ్రాములు. బిళ్ళకు 2 గ్రాములు. పరిమళం కిలో 2,000 రూపాయలదైతే బిళ్ళకు పడేది 4 రూపాయలు. 8,000 రూపాయలదైతే 16 రూపాయలు. ఊరి అంగడిలో కంపెనీ సబ్బుతో పోటీపడే బిళ్ళకు ఈ పన్నెండు రూపాయల తేడా చావుబ్రతుకుల తేడా. ఇంతటితో తీరలేదు. పది రకాల వాసనలు పెట్టుకొన్నవారు పది సీసాలు కొనవలెను. అందులో ఏడు సగం వాడి మూలన పడవేసేవే అవుతాయి. మూలన పడిన సీసా ధర కూడా అమ్ముడుపోయిన బిళ్ళలమీదనే పడుతుంది. మొదటి ఏడు మూడు వాసనలకు మించి పెట్టుకొనరాదు. సీమ ముక్కుకు తగిన మూడింటిని ఏరుకొనవలసి వస్తే: గంధం–పసుపు జోడు ఒకటి, నిమ్మగడ్డి ప్రధానంగా చీనీ వాసన ఒకటి, మూడవది రూసాతో గులాబి గాని, మల్లె పరిమళం గాని. వట్టివేరు అంటే మనవారికి వేసవి, తడిపిన తడకలు గుర్తుకు వస్తాయి; దాని నూనె ఖరీదైనదే గాని, నాలుగు చుక్కలు చేర్చితే తేలిక వాసనలను పట్టి ఉంచే గుణం దానికి ఉన్నది. గంధపు బిళ్ళలో దానిని ఆ మాత్రం చేర్చవచ్చును.

చౌక అనగానే కొందరు అగరువత్తులకు వాడే పరిమళతైలాన్ని సబ్బులో పోస్తారు. ఇది చేయరాని పని. అది కాల్చడానికి ఉద్దేశించినది, ఒంటికి పూయడానికి కాదు. దద్దురులు, మంటలు పుట్టించవచ్చును. మిఠాయిలలో వేసే ఎసెన్సులు సబ్బులో బొత్తిగా నిలవవు. లవంగనూనె ఘాటుగా బాగుండవచ్చును గాని, పచ్చి సబ్బులో పడగానే ముద్ద గట్టిపడి అచ్చులోకి దిగకుండా మొరాయిస్తుంది. దాల్చిన నూనె చర్మాన్ని కాలుస్తుంది. వెనిల్లా వాసన గలవి తెల్లని బిళ్ళను కొద్ది దినాలలో గోధుమరంగుకు తిప్పుతాయి. నిమ్మగడ్డినూనె కూడా మోతాదు మించితే కొందరికి సరిపడదు. పరిమళ వర్తకుల అంతర్జాతీయ సంఘం ఒకటి 1973 నుండి ఏ పరిమళాన్ని ఒంటి సబ్బులో ఎంతవరకు వాడవచ్చునో హద్దులు ఏర్పరుస్తున్నది. కొనేటప్పుడు ఆ ధ్రువపత్రం చూపమని అడగవలెను. చూపలేని వర్తకుని వద్ద ఎంత చౌక అయినా కొనకపోవడమే లాభం. అమ్మకానికి సబ్బు చేయదలచినవారు 2020నాటి సౌందర్యసాధనాల నియమాలను అనుసరించి ప్రభుత్వ అనుమతి పొందవలసి ఉన్నదన్న సంగతి కూడా మరువరాదు.

పాఠశాలలు ఈ పనికి చేయగల సాయం ఒకటి ఉన్నది. వాసనను ఎన్నుకొనేటప్పుడు చేసేవారి ఇష్టం, అమ్మేవారి మాట రెండూ మోసగించవచ్చును; నమ్మదగినది పరీక్ష ఒక్కటే. పది మిల్లీలీటర్ల చిన్న సీసాలు నాలుగైదు తెచ్చి, ఒక్కొక్కదానితో రెండేసి బిళ్ళలు మాత్రం పోయవలెను. క్షారం పని పెద్దలదే; పిల్లలను దరిచేరనీయరాదు. పోసిన దినం ఒకసారి, రెండు వారాలకు ఒకసారి, ఆరు వారాలకు ఒకసారి వాసన ఎంత మిగిలినదో పుస్తకంలో వ్రాసిపెట్టే పని విద్యార్థులది. ఆ తరువాత బిళ్ళలకు పేర్లు తీసివేసి అంకెలు వేసి, వీధిలోని అవ్వలకు, అమ్మలకు, కాలేజీ పిల్లలకు చూపి, ఏది కొంటారో అడగవలెను. 'ఏది బాగున్నది?' అని అడిగితే వచ్చే జవాబు ఒకటి. 'దేనికి ముప్పై రూపాయలు ఇస్తారు?' అని అడిగితే వచ్చే జవాబు వేరొకటి. రెండవదే పనికివచ్చేది. బిళ్ళను ఊరి నీళ్ళతోనే రుద్ది చూపవలెను; జమ్మలమడుగు బావినీళ్ళ పరీక్ష ప్రొద్దుటూరు అంగడి బల్లమీద జరగదు.

కాలం కూడా చూసుకొనవలసి ఉన్నది. చైత్ర వైశాఖాలలో పోసిన సబ్బు త్వరగా ఆరుతుంది గాని దానితో పాటు పరిమళమూ ఆరుతుంది. వేరుశెనగ నూనె పాలు ఎక్కువైతే బిళ్ళమీద పసుపుపచ్చని మచ్చలు తేలి కనరెక్కుతుంది. అప్పుడు పోయక తప్పనివారు నీడన, గాలి ఆడే చల్లని గదిలో, కాగితంలో వదులుగా చుట్టి ఆరబెట్టవలెను. ప్రొద్దుటూరు దసరా సంతకు సిద్ధం కావలసిన బిళ్ళకు ఆరు వారాల గడువు కావలెను గనుక, అది శ్రావణమాసంలోనే అచ్చులో పడవలెను. పరిమళపు సీసాల పరీక్ష అంతకు రెండు నెలల ముందే, బడులు తెరిచీ తెరవని దినాలలోనే మొదలుపెట్టవలసి ఉంటుంది.